పిండిగిన్నెయే కొలబద్ద

పదునాలుగేండ్లు సేవ చేసిన పాత ఫ్రిజ్జు అడుగున తుప్పుపట్టి, తలుపు రబ్బరు సడలి, రాత్రివేళ గురకలు పెట్టుచు, ఒకనాటి వేసవి మధ్యాహ్నమున లీటరు పాలను విఱిచి తన అవసానకాలమును ప్రకటించినప్పుడు, ఇంటిల్లపాదియు ఆషాఢమాసపు తగ్గింపు ధరల ప్రకటనను చేతబట్టుకొని అంగడికి బయలుదేరుట మన యిండ్లలో పరిపాటి. అక్కడ జరుగునది మీరెఱుగనిది కాదు. ఒకే తలుపుది, రెండు తలుపులది, బీరువావలె నడుమకు చీలి తెఱచుకొనునది, నాలుగు తలుపులది, ఇట్లు వరుసదీరి నిలిచినవానిలో దేని తలుపు తెఱచినను లోపల దీపము వెలుగును. ఖాళీ గాజు అరలు మిలమిల మెఱయును. ఆ శుభ్రతకు, ఆ విశాలతకు మనస్సు పారవేసికొననివారెవరు? కాని, మీ యింట ఫ్రిజ్జు ఖాళీగా నున్న దినమొక్కటి మీరు గుర్తుచేసికొనగలరా?

ముఖము చూచి మురిసిపోవు ఈ అలవాటు మనకు ఊరక రాలేదు. 1958లో గోద్రెజ్ సంస్థ ఈ దేశమున ఫ్రిజ్జుల తయారీకి పూనుకొన్న తరువాతి దశాబ్దములలోను, మన హైదరాబాదు ఆల్విన్ ఫ్రిజ్జులు తెలుగు ఇండ్లకు చేరిన కాలమునను, ఆ వస్తువునకు పెక్కిండ్ల వంటగదిలో స్థానము లేకుండెను. అది ముందుగదిలో కొలువుదీరి, నెత్తిన లేసుగుడ్డ కప్పుకొని, పిడికి తొడుగు తొడిగించుకొని, వచ్చిన చుట్టములకు ఇంటి కలిమిని చాటుచుండెడిది. తఱచుగా తలుపొకటే, తరహా ఒకటే. ఎంచుకొనుటకు రంగు తప్ప పెద్దగా మఱేమియు లేదు. నేడు ఫ్రిజ్జు వంటింటికి చేరినది. మన చూపు మాత్రము ఇంకను ముందుగదిలోనే నిలిచిపోయినది.

కావున ఈ అధ్యాయమున నేను పట్టుబట్టి చెప్పునది ఒక్కటే: ఫ్రిజ్జును ఎంచుకొనవలసిన చోటు మీ వంటిల్లు. అంగడికి పోవుట, అప్పటికే నిర్ణయమైనదానిని గుర్తుపట్టి డబ్బు చెల్లించుటకే. ఇది కష్టమైన విద్య కాదు. ఒక కాగితము, ఒక టేపు, ఒక వారము ఓపిక ఉన్నచో చాలును.

కొనుటకు ముందు ఇంట చేయవలసిన నాలుగు పనులు

1. వారము దినములు లెక్క వ్రాయుడు. ఫ్రిజ్జు తలుపునకే ఒక కాగితమును అంటించి, పెన్సిలును దారముతో వ్రేలాడదీయుడు. తలుపు తెఱచిన ప్రతివారును తాము తీసినదేమో ఒక్క మాటలో వ్రాయవలెను. పాలపొట్లము, పెరుగుగిన్నె, దోసెలపిండి, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర, కరివేపాకు, అల్లంవెల్లుల్లి ముద్ద, నిన్నటి పప్పు, చల్లని నీళ్ల సీసా, ఇవియే మాటిమాటికి కనబడును. ఫ్రీజరు తెఱచిన గుర్తులు శాకాహారుల యింట మూడో నాలుగో ఉండవచ్చును; ఆదివారము తెచ్చిన మాంసమును, చేపలను పొట్లములు కట్టి దాచుకొను యింట అవి అంతకు హెచ్చుగా ఉండును. ఫ్రీజరు పెద్దది కావలెనా, చిన్నది చాలునా అను ప్రశ్నకు ఆ మాసిన కాగితమును మించిన సలహాదారు లేడు.

ఆ వారముననే, ఫ్రిజ్జులో ఉండనక్కఱలేని వానిని వేరుచేయుడు. అరటిపండు చలికి నల్లబడును; బంగాళాదుంపలోని పిండిపదార్థము చలికి చక్కెరగా మారును; ఉల్లిపాయలు గాలి తగులు బుట్టలో సుఖముగా ఉండును; ఉప్పు, కారము, నూనె కొలత తప్పక కుదిరిన ఆవకాయకు జాడియే చాలును. ఇవి బయటికి వచ్చిన పిమ్మట, "పెద్దది కొనక తప్పదు" అనుకొన్న వారిలో కొందఱకు పాత పరిమాణమే సరిపోవునని తోచుట వింత కాదు.

2. పిండిగిన్నెను కొలువుడు. అరల మధ్య ఎడమును నిర్ణయించిన పెద్దమనిషి సీసాలను, డబ్బాలను తలచుకొనియుండవచ్చును గాని, పొంగుటకు చోటు విడిచి పిండి పోసి, పైన మూత బోర్లించిన మన దోసెలపిండి గిన్నెను తలచుకొన్నాడని నమ్ముట కష్టము. మూతతో కలిపి ఆ గిన్నె ఎత్తెంత? అంచునుండి అంచుకు వెడల్పెంత? ఆ రెండంకెలు వ్రాసికొనుడు. పెరుగుగిన్నె, పండుగనాటి పులిహోర బేసిను, చారుగిన్నె కొలతలను కూడ దాని సరసన చేర్చుడు. గిన్నె పట్టుటకై గాజు అరనొకదానిని ఊడదీసి మంచము క్రింద దాచిన ఇండ్లు మీకు తెలియవా? లీటర్ల లెక్కన డబ్బు చెల్లించి అరను మంచము పాలుచేయుట ఏమి పొదుపు?

కొలతలమీద నమ్మకము చాలనిచో, గిన్నెనే సంచిలో పెట్టుకొని వెళ్లుడు. అట్లు వెళ్లిన ఒక ఇల్లాలిని చూచి అంగడి కుఱ్ఱవాడు "మేడమ్, ఇదేంటండీ?" అని నవ్వెను. "మా పిండిగిన్నె బాబూ. ముందు దీనికి చోటు చూపించు, ధర సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అని ఆమె బదులు పలికినది. అయిదు ఫ్రిజ్జులలో మూడింట ఆ గిన్నె పట్టలేదు. అరగంటలో ఆమె పని ముగిసినది, నవ్విన కుఱ్ఱవాడు తరువాత వచ్చినవారిని, "మీ ఇంట్లో పెద్ద గిన్నె ఎంతుంటుందండీ?" అని తానే అడుగసాగెను.

3. చోటును, దారిని కొలువుడు. ఫ్రిజ్జు నిలుచు చోటు వెడల్పు, లోతు, ఎత్తు మాత్రమే చూచుట చాలదు. లోపలి వేడిని బయటికి తోయుటయే ఈ యంత్రము పని. ఆ వేడి పోవుటకు వెనుకను, ప్రక్కలను, పైనను కొన్ని అంగుళముల ఎడము విడువవలెను. ఎంత విడువవలెనో ఆ ఫ్రిజ్జు పుస్తకములోనే ఉండును. పొయ్యి ప్రక్కన, పడమటి ఎండ పడు కిటికీ చెంత నిలిపినచో యంత్రము అదనముగా శ్రమించును, బిల్లు పెరుగును. పిమ్మట తలుపు సంగతి: తలుపు గోడకు తగిలి సగమే తెఱచుకొన్నచో కూరగాయల ట్రే బయటికి రాదు. సాధారణముగా బందులు కుడివైపున ఉండును గనుక, కుడిప్రక్క గోడ ఉన్న మూలలో ఈ చిక్కు తఱచుగా వచ్చును.

ఇక దారి. లిఫ్టు తలుపు, మెట్ల మలుపు, వీధివాకిలి, నడవ, వంటింటి ద్వారము, వీనిలో ఇఱుకైనదే మీ ఫ్రిజ్జు పరిమాణమును నిర్ణయించును. విజయవాడలో ఒక అపార్టుమెంటున ఒక కుటుంబమువారు మూడడుగుల వెడల్పుగల పెద్ద ఫ్రిజ్జును ముచ్చటపడి తెప్పించిరి. రెండున్నర అడుగుల వంటింటి ద్వారమున దానిని ప్రక్కకు త్రిప్పి ఎక్కింపవచ్చునని తలచిరి గాని, ద్వారము ముందఱి నడవలో త్రిప్పుటకే చోటు చాలలేదు. అది నేటికిని హాలులో, టీవీ ప్రక్కన ఉన్నది. పెరుగు కావలసినప్పుడెల్ల ఆ యింటివారు పదునాలుగు అడుగులు నడచుచున్నారు.

4. మోకాళ్లను అడుగుడు. ఫ్రిజ్జును తఱచుగా తెఱచువారెవరు? వారి వయస్సెంత, ఎత్తెంత, నడుము ఎట్లున్నది? ఒక యింట కోడలు అత్తగారితో అనినది:

"అత్తయ్యా, కూరగాయల కోసం ఇవాళ మీరు పంతొమ్మిదిసార్లు వంగారు. లెక్కపెట్టాను."

"నువ్వు లెక్కపెట్టకపోయినా నా మోకాళ్లు లెక్కపెడుతూనే ఉన్నాయిలేమ్మా."

మనకు చిరపరిచితమైన రెండు తలుపుల ఫ్రిజ్జులో, అరుదుగా తెఱచు ఫ్రీజరు కన్నులయెదుట ఉండును. గంటగంటకు కావలసిన కూరగాయలు నేలబారున ఉండును. ఇన్నేండ్లుగా దీనినెవ్వరును ఎందుకు ప్రశ్నింపలేదో ఆశ్చర్యము గదా!

ఏ తరహా ఎవరికి?

ఈ నాలుగు పనులు ముగిసినచో మీ చేతిలోని కాగితమే సగము సమాధానము. మిగిలిన సగము తరహాల గుణదోషములను తెలిసికొనుటలో ఉన్నది.

ఒక తలుపు ఫ్రిజ్జు. సుమారు 165 మొదలు 250 లీటర్ల వఱకు లభించును. లోపల పైభాగమున చిన్న ఫ్రీజరు అర. అచ్చటి చల్లదనము ఫంకా సాయము లేకయే క్రిందికి దిగును. గాలి వీచదు గనుక లోపలి తేమ అంత త్వరగా ఆరిపోదు. ధర తక్కువ, కరెంటు తక్కువ, యంత్రము సరళము. దోషమేమనగా ఫ్రీజరు గోడలకు మంచు పేరుకొనును. ఆ మంచే చల్లదనమునకు అడ్డుగోడయగును గనుక, పావంగుళము దాటకముందే మీట నొక్కి కరిగింపవలెను. ఇద్దఱు ముగ్గురున్న సంసారమునకు, ఏటేట అద్దెయిండ్లు మారువారికి, హాస్టలు విడిచి తొలిసారి వంట మొదలుపెట్టిన యువకులకు ఇది మేలైనది. అడుగున ఉల్లిగడ్డలకై ఇచ్చు సొరుగు చల్లబడదు. అది దోషము కాదు, ఉల్లికి కావలసినదదియే.

రెండు తలుపులు, పైన ఫ్రీజరు. నలుగురైదుగురున్న కుటుంబములు తఱచుగా కొనునది ఇదియే. ఇందులో ఫంకా చల్లగాలిని అంతటను త్రిప్పును; మంచు పేరుకొనకుండ ఒక చిన్న హీటరు అప్పుడప్పుడు దానిని కరిగించును; ఆ నీరు వెనుకనున్న పళ్లెమునకు చేరి, కంప్రెసరు వేడికి ఆవిరియై పోవును. మంచు గోకు బాధ లేదు. కాని గాలి తిరుగుచోట తేమ ఆరును; మూత పెట్టని అన్నము గట్టిపడును, కట్ట విప్పి పడవేసిన కొత్తిమీర వాడిపోవును. మూతలున్న గిన్నెలు, గుడ్డ చుట్టిన ఆకుకూరలు, ఈ అలవాటున్న ఇంట దీనికి వంక పెట్టనక్కఱలేదు.

రెండు తలుపులు, క్రింద ఫ్రీజరు. పై తరహానే తలక్రిందులు చేసినది. పెరుగు, పాలు, కూరలు నిలుచున్నవారి చేతికందును. ఫ్రీజరుకై మాత్రమే వంగవలెను. మీ కాగితమున ఫ్రీజరు గుర్తులు తక్కువై, ఇంట మోకాళ్లనొప్పులవారున్నచో, ధర కొంత హెచ్చయినను దీనిని తప్పక పరిశీలింపుడు. దుకాణములలో ఈ రకములు తక్కువగా ఉండును; అడిగిననే చూపుదురు.

బీరువా తరహా. ఒకవైపు ఫ్రీజరు, ఒకవైపు ఫ్రిజ్జు. సుమారు 500 లీటర్లు మొదలుకొని పైకి. రెండును కంటి ఎత్తున ఉండుట, ఒక్కొక్క తలుపు సన్ననిదై తెఱచుటకు తక్కువ చోటు పట్టుట దీని సుగుణములు. కాని నిలువునా రెండుగా చీలినందున ఒక్కొక్క భాగపు వెడల్పు తగ్గును. లీటర్లు ఎన్ని యున్నను పులిహోర బేసిను అడ్డముగా పట్టకపోవచ్చును. పిండిగిన్నె పరీక్ష ఈ తరహాకు ప్రత్యేకముగా పెట్టవలెను. తలుపులోనుండి నీరు వచ్చు ఏర్పాటున్నచో, గొట్టము కలుపవలెనా, తొట్టి నింపవలెనా, ఫిల్టరు ఎన్నాళ్లకు మార్చవలెను, దానికెంత అని ముందే అడుగుడు.

పైన జంట తలుపులు, క్రింద ఫ్రీజరు సొరుగులు. పై భాగము ఒక్కటే విశాలమైన గది గనుక మన వెడల్పు గిన్నెలు నిశ్చింతగా కూర్చుండును. ఉమ్మడి కుటుంబమునకు, వారమునకొకసారి కూరగాయలు తెచ్చుకొను ఇంటికి ఇది ఎంతో అనుకూలము. ధరయు సామాన్యముగా అన్నిటికంటె హెచ్చే. బీరువా తరహాకు డబ్బు సమకూర్చుకొన్నవారు, రెండడుగులు ప్రక్కకు వేసి దీనిని కూడ తెఱచి చూడకుండ తిరిగి రావలదు.

ఫ్రీజరును అవసరమైనప్పుడు ఫ్రిజ్జుగా మార్చుకొను సదుపాయము ఇప్పుడు అనేక రకములలో కలదు. సంక్రాంతికి ఇల్లు నిండి, కనుమ మఱునాటికి ఖాళీయగు కుటుంబములకు, ఏడాదియంతయు పెద్ద ఫ్రిజ్జును మోయుటకంటె ఇది తెలివైన మార్గము.

అంకెలను చదువు విధము

5. లీటర్లలో నికరమును చూడుడు. పెట్టెమీద పెద్దక్షరములతో ఉన్నది మొత్తము ఘనపరిమాణము కావచ్చును. వస్తువులు పట్టు నికర పరిమాణము అంతకంటె తక్కువ. రెండింటిని పోల్చునప్పుడు నికరమును నికరముతోనే పోల్చుడు. ఇద్దఱు ముగ్గురికి 180 నుండి 250, నలుగురైదుగురికి 250 నుండి 350, అంతకు మించినవారికి 400 లీటర్లు పైన అనునది ఉజ్జాయింపు మాత్రమే. మీ వారపు కాగితము దీనిని కాదన్నచో కాగితము మాటయే వినుడు.

6. నక్షత్రములను గాక యూనిట్లను చదువుడు. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థవారి పట్టీ మీద ఒకటి నుండి అయిదు వఱకు నక్షత్రములును, వాని చెంతనే ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలునో ఆ అంకెయు ఉండును. ప్రమాణములు అప్పుడప్పుడు కఠినతరమగును గనుక, నిరుటి అయిదు నక్షత్రములు, నేటి అయిదు నక్షత్రములు ఒక్కటే అనుకొనవలదు. యూనిట్ల అంకె మాత్రము సూటిగా పోల్చదగినది. ఉదాహరణకు, ఒకదానికి 160 యూనిట్లు, మఱొకదానికి 240 అనుకొందము. తేడా 80. యూనిటు ఆరు రూపాయలైనచో ఏడాదికి 480 రూపాయలు మిగులును. తక్కువ కాలునది 4,000 రూపాయలు ప్రియమైనచో, ఆ మొత్తము తిరిగి వచ్చుటకు ఎనిమిదేండ్లు దాటును. మీ వాడకము హెచ్చు శ్లాబులో పడి యూనిటు తొమ్మిది రూపాయలైనచో అయిదున్నర ఏండ్లే పట్టును. ఈ లెక్కను అంగడివాడు మీకొఱకు వేయడు; బిల్లు వెనుక ఖాళీస్థలమున మీరే వేయుడు.

ఇన్వర్టరు కంప్రెసరు అనగా కరెంటు పోయినప్పుడు నడచునదని కొందఱు భ్రమపడుదురు. పాత కంప్రెసరు పూర్తి వేగముతో తిరుగును, లేదా ఆగును. ఇది అవసరమును బట్టి వేగమును పెంచుకొనుచు, తగ్గించుకొనుచు నడచును. అందువలన చప్పుడును, కరెంటును తగ్గును. అంతే.

తఱచుగా జరుగు పొరపాట్లు

7. మూడు దినముల చుట్టములకై మూడువందల అరువది దినముల ఫ్రిజ్జును కొనుట. పెద్దది కొన్నవారి యింట పదార్థము పాడగుట తగ్గునని అనుకొందురు. లోతైన అరలో వెనుకకు పోయిన గిన్నెను ఎవరు చూచుచున్నారు? కంటబడనిది బూజుపట్టి వెలుపలికి వచ్చును.

8. స్టెబిలైజరు సంగతి ఇంటికి వచ్చిన తరువాత తలచుకొనుట. ఆ ఫ్రిజ్జు ఎంత వోల్టేజి హెచ్చుతగ్గులను తట్టుకొనునో పుస్తకములో చూచి, మీ యూరి కరెంటు తీరును బట్టి అప్పుడే నిర్ణయింపుడు. ఎక్స్‌టెన్షను తీగకు తగిలింపక, ఎర్తు ఉన్న ప్రత్యేకమైన ప్లగ్గునకే కలుపుడు.

9. వారంటీని ఒకే ముక్కగా వినుట. "పదేళ్ల వారంటీ ఉందండీ" అని వారనునది సాధారణముగా కంప్రెసరునకు మాత్రమే చెల్లును. తక్కిన భాగములకు తఱచుగా ఒక ఏడాదియే. మీ యూరిలో బాగుచేయువారు ఉన్నారా అను ప్రశ్న ఈ రెండింటికంటెను పెద్దది.

10. మంచును చాకుతో పెకలించుట. ఆ గోడ వెనుకనే వాయువు ప్రవహించు సన్నని గొట్టము కలదు. అది చిల్లిపడినచో ఫ్రిజ్జు ప్రాణము పోయినట్లే. నేటి ఫ్రిజ్జులలో పెక్కింట ఉండునది మండు స్వభావముగల ఐసోబ్యూటేను వాయువు గనుక ఇది డబ్బునష్టముతో పోవు పొరపాటు కాదు.

ఇంటికి వచ్చిన తరువాత

11. ప్రయాణమున పడుకోబెట్టి తెచ్చియున్నచో, నిలిపిన వెంటనే మీట వేయక కొన్ని గంటలు ఆగుడు. ఫ్రిజ్జులో 4 డిగ్రీలు, ఫ్రీజరులో సున్నకు దిగువ 18 డిగ్రీలు ఉండునట్లు అమర్చుడు. తలుపు సందున ఒక కాగితపు నోటు పెట్టి మూసి లాగి చూడుడు. సులువుగా జాఱి వచ్చినచో రబ్బరు సరిగా అదుమలేదని అర్థము. ఈ పరీక్షను ఏడాదికొకసారి చేయుట మంచిది.

12. పొగలు గ్రక్కు గిన్నెను లోపల పెట్టవలదు. అట్లని రాత్రియంతయు బయట విడువను వలదు. ముఖ్యముగా వండిన అన్నము గోరువెచ్చగా గంటలకొలది ఉన్నచో హాని చేయు సూక్ష్మజీవులు పెరుగును. వెడల్పు పళ్లెమున పఱచి ఆరనిచ్చి, రెండు గంటలలోపల లోనికి చేర్చుడు. కరెంటు పోయినప్పుడు తలుపు తెఱవకున్నచో సుమారు నాలుగు గంటలు చల్లదనము నిలుచును. "ఎంత చల్లగా ఉందో చూద్దాం" అని తెఱచుచుండు పిల్లలే ఆ చల్లదనమునకు శత్రువులు.

ఇన్ని చేసిన తరువాత, ఎంచుకొన్నది సరియైనదేనా అని తెలిసికొనుట ఎట్లు? నెల గడవనిండు. తెల్లవాఱుజామున, కన్నులు పూర్తిగా విప్పకయే, లోపలినుండి పిలుచుచున్న వారికి బదులు చెప్పుచునే, ఇల్లాలు తలుపు తీసి, వంగక, వెదకక, ముందున్నదానిని ప్రక్కకు జరుపక, పిండిగిన్నెను అందుకొని తలుపు మూసినచో, మీరు ఆ పరీక్షలో నెగ్గినారు. ఆనాడు అంగడిలో ప్రక్కన నిలిచి మెఱసిన ఆ నాలుగు తలుపుల సుందరి సంగతి ఆ యింట ఎవ్వరికిని జ్ఞప్తికి రాదు. దోసెలు పొయ్యిమీద చుయ్యిమనుచుండును.